నెదర్లాండ్స్‌లో ఇంటర్నేషనల్ లా డిగ్రీ: పంపే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

మా అక్క కూతురు నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీలో 'ఇంటర్నేషనల్ అండ్ యూరోపియన్ లా' అనే ఎల్‌ఎల్‌బీ చదువుతోంది. ఇప్పుడు రెండో ఏడాది. నేను దాని పిన్నిని, హైదరాబాద్‌లో లాయర్‌ని. అందుకని కోర్సులు వెతకడం, ఫీజుల లెక్కలు వేయడం, యూనివర్సిటీలకు మెయిళ్లు రాయడం అంతా నా మీదే పడింది. ఆ సంగతి చుట్టాల్లో తెలిసినప్పటి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "మా పిల్ల కూడా ఇంటర్నేషనల్ లా అంటోంది, పంపొచ్చా?" అని అడుగుతూనే ఉన్నారు. పది నిమిషాల ఫోన్‌లో తేలే విషయం కాదిది. లక్షల్లో డబ్బు, పిల్లల జీవితంలో మూడేళ్లు. అందుకే నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నా.

అసలు మాట ముందే చెప్పేస్తాను. చదువుగా చూస్తే ఇది చాలా మంచి కోర్సు, పద్ధెనిమిదేళ్ల పిల్లకి ఇంత బాగా ఆలోచించడం నేర్పే లా డిగ్రీ మన దగ్గర కొన్ని కాలేజీల్లోనే దొరుకుతుంది. కానీ నల్ల కోటు వేసుకుని కోర్టులో వాదించడమే పిల్లల కోరికైతే, ఈ డిగ్రీ ఒక్కటి పట్టుకుని ఏ దేశంలోనూ నేరుగా కోర్టు మెట్లు ఎక్కలేరు. నెదర్లాండ్స్‌లో కూడా. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం, బ్రోషర్లలో మొదటిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది ఎక్కడో అడుగున ఉంటుంది. ర్యాంకింగులు, క్యాంపస్ ఫొటోలు చూసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ డిగ్రీతో మా పిల్ల ఏ దేశంలో, ఏ పరీక్ష రాస్తే లాయర్ అవుతుంది?

మేం చూసినవి ఇవి. గ్రోనింగెన్‌ది, టిల్‌బర్గ్ యూనివర్సిటీలో 'గ్లోబల్ లా', మాస్ట్రిక్ట్‌లో 'యూరోపియన్ లా స్కూల్', హేగ్ యూనివర్సిటీ ఆఫ్ అప్లయిడ్ సైన్సెస్‌లో మళ్లీ 'ఇంటర్నేషనల్ అండ్ యూరోపియన్ లా'. అన్నీ ఇంగ్లిష్‌లోనే చెప్తారు. అన్నిటి చివరా ఎల్‌ఎల్‌బీ అనే ఉంటుంది కదా అని ఒకటే అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో పై చదువు రెండు రకాలు. రీసెర్చ్ యూనివర్సిటీలు ఒక రకం, అక్కడ బ్యాచిలర్స్ మూడేళ్లు. అప్లయిడ్ సైన్సెస్ వాళ్లది రెండో రకం, వాళ్లు హోగ్‌స్కూల్ అంటారు, అక్కడ మామూలుగా నాలుగేళ్లు, పని నేర్పే చదువు, ఇంటర్న్‌షిప్ చదువులోనే భాగం. రెండో రకం తక్కువదేం కాదు. హేగ్ నగరంలోనే ఉండి చదవడం కూడా చిన్న విషయం కాదు, పెద్ద అంతర్జాతీయ కోర్టులు చాలావరకు అక్కడే ఉన్నాయి. కానీ ఆ డిగ్రీతో రీసెర్చ్ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల ప్రీ-మాస్టర్ అని మధ్యలో ఇంకో మెట్టు పెడతారు. అది ముందే తెలిసి చేరితే ఇబ్బంది లేదు, చేరాక తెలిస్తేనే బాధ.

ఇక లాయర్ అయ్యే సంగతి. మన అడ్వకేట్స్ యాక్ట్, 1961లో సెక్షన్ 24 ఉంది, బార్ కౌన్సిల్‌లో ఎవరిని ఎన్‌రోల్ చేసుకోవాలో చెప్పేది అదే. విదేశీ లా డిగ్రీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తిస్తేనే చెల్లుతుంది. మన దగ్గర లా చదువు లెక్క ఏమిటంటే ఇంటర్ తర్వాత ఐదేళ్లు, లేదా ఏదో ఒక డిగ్రీ అయ్యాక మూడేళ్లు. ఇంటర్ అవగానే విదేశంలో చదివిన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఈ రెండు లెక్కల్లోనూ పడదు. యూనివర్సిటీ పేరు బార్ కౌన్సిల్ జాబితాలో ఉన్నా సరే, ఆ లోటు పూడ్చే బ్రిడ్జ్ కోర్సు, ఆ తర్వాత విదేశీ డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టే అర్హత పరీక్ష, ఇవన్నీ దాటాలి. ఇంగ్లండ్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి వచ్చిన పిల్లలకే ఈ తిప్పలు ఉన్నప్పుడు, ఏ ఒక్క దేశపు చట్టాన్నీ పూర్తిగా చెప్పని ఇంటర్నేషనల్ లా డిగ్రీకి ఇంకెంత పరిశీలన ఉంటుందో ఆలోచించండి. నేనైతే మా అక్కకి మొదటి రోజే చెప్పాను, ఇండియాలో ప్రాక్టీస్ అన్నది ఈ దారిలో లేనట్టే లెక్కేసుకో, ఆ మేరకే నిర్ణయం తీసుకో అని.

నెదర్లాండ్స్‌లో అడ్వొకాట్, అంటే కోర్టు లాయర్, కావాలంటే డచ్ చట్టం మీద డిగ్రీ ఉండాలి, ఆ అర్హతని వాళ్లు 'సివియెల్ ఎఫెక్ట్' అంటారు, ఆ చదువు డచ్ భాషలో ఉంటుంది. ఇంగ్లిష్‌లో చదివిన ఇంటర్నేషనల్ లా ఎల్‌ఎల్‌బీకి అది రాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. "అమెరికాలో ఒక ఏడాది ఎల్‌ఎల్‌ఎం (లా మాస్టర్స్) చేసి న్యూయార్క్ బార్ పరీక్ష రాసేయొచ్చు" అని మనవాళ్లు ధీమాగా చెప్తుంటారు. నిజమే, మన ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లు అలా రాస్తున్నారు. కానీ న్యూయార్క్ రూల్ అడిగేది ఏమిటంటే, మీ మొదటి లా డిగ్రీ అది ఇచ్చిన దేశంలో లాయర్‌గా చేరడానికి చదువుపరంగా సరిపోవాలి. చదివిన దేశంలోనే సరిపోని డిగ్రీతో అక్కడికి వెళ్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది. బార్ పరీక్ష మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇది బాగా చదువుకోండి.

తెరిచి ఉన్న తలుపు ఒకటుంది, అది ఇంగ్లండ్. 2021 నుంచి అక్కడ సొలిసిటర్ (ఎక్కువగా కోర్టు బయట క్లయింట్ల పనులు చూసే లాయర్) కావడానికి ఎస్‌క్యూఈ అనే పరీక్ష పెట్టారు. దానికి లా డిగ్రీయే ఉండాలని లేదు, ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ చాలు. మొదటి భాగంలో 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు, రెండో భాగంలో క్లయింటుతో మాట్లాడటం, పత్రాలు రాయడం లాంటి నైపుణ్యాలు, వీటికి తోడు రెండేళ్ల పని అనుభవం. మా అమ్మాయి ఇప్పుడు దీని మీదే చూపు పెట్టింది. ఒకవేళ మనసు మారి ఇండియా వచ్చేయాలనుకుంటే, ఆ మూడేళ్ల డిగ్రీ మన డిగ్రీకి సమానమనే పత్రం ఇక్కడ తెచ్చుకుని, దాన్ని మామూలు డిగ్రీగా చూపించి, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయడం ఒక మార్గం. మొత్తం ఆరేళ్లు. ఐదేళ్ల కోర్సు కంటే ఒక్క ఏడాదే ఎక్కువ, కానీ ఖర్చు మాత్రం ఎక్కడికో పోతుంది.

ఇదంతా ఎందుకింత వివరంగా రాస్తున్నానంటే, మేం వెళ్లిన కన్సల్టెన్సీలో ఈ ముక్కల్లో ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు. పేరు రాయను. ఏసీ గది, గోడల నిండా జెండాలు, ఎదురుగా కూర్చున్న అబ్బాయి చాలా మర్యాదగా "ఆంటీ, మూడేళ్లలో ఇంటర్నేషనల్ లాయర్ అయిపోతుంది, తర్వాత యూఎన్‌లోనే జాబ్" అన్నాడు. నేను బార్ కౌన్సిల్ గుర్తింపు గురించి అడిగితే "అవన్నీ తర్వాత చూసుకోవచ్చు ఆంటీ" అన్నాడు. మా అక్క నా వైపు చూసింది. నేను లేకుండా ఒక్కతే వెళ్లి ఉంటే అడ్వాన్స్ కట్టేసి వచ్చేదే. లా చదివినవాళ్లు ఇంట్లో లేని కుటుంబాలు ఎన్ని ఇలా సంతకాలు పెడుతున్నాయో తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ యూనివర్సిటీలకి దరఖాస్తు చేయడానికి కన్సల్టెన్సీ అవసరమే లేదు. స్టడీలింక్ అని నెదర్లాండ్స్ మొత్తానికి ఒకే వెబ్‌సైట్ ఉంది, అందులో పిల్లలే నింపుకోవచ్చు.

సరే, చదువు దగ్గరకి వస్తా. రాయడానికి నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

మన దగ్గర మొదటి ఏడాది లా అంటే కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్లు, నిర్వచనాలు, పరీక్ష ముందు గైడు. అక్కడ మొదటి ఏడాదిలోనే పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, యూరోపియన్ యూనియన్ చట్టం, ఒకే కాంట్రాక్టు సమస్యని ఇంగ్లిష్ చట్టం ఎలా చూస్తుంది, ఫ్రెంచి, జర్మన్ చట్టాలు ఎలా చూస్తాయి అని పోల్చి చెప్పడం. తర్వాత మానవ హక్కులు, యుద్ధ నియమాలు, అంతర్జాతీయ నేర చట్టం, వాణిజ్యం, చివర్లో థీసిస్. మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ ఇంకో దేశంలో చదవడానికి వీలుంటుంది.

ఒకరోజు మా అమ్మాయి ఫోన్ చేసి "పిన్నీ, లోటస్ కేసు తెలుసా?" అంది. తెలుసు, ఎప్పుడో చదివింది. 1926లో లోటస్ అనే ఫ్రెంచి ఓడ నడిసముద్రంలో టర్కీ ఓడని ఢీకొంది, ఎనిమిది మంది టర్కీ వాళ్లు చనిపోయారు. ఓడ ఇస్తాంబుల్ చేరాక అక్కడి ప్రభుత్వం ఫ్రెంచి అధికారిని అరెస్టు చేసి కేసు పెట్టింది. నడిసముద్రంలో జరిగినదానికి మా అధికారిని విచారించే హక్కు మీకెక్కడిది అని ఫ్రాన్స్. ఏ నియమం వద్దంటోందో చూపించండి అని టర్కీ. 1927లో హేగ్‌లోని అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జీలు చెరి సగం చీలిపోతే, అధ్యక్షుడి ఓటుతో టర్కీ గెలిచింది. ఇంతవరకు పుస్తకంలో ఉన్నదే. వాళ్ల ట్యుటోరియల్‌లో ఏం చేశారంటే, సగం మందిని ఫ్రాన్స్ తరఫున, సగం మందిని టర్కీ తరఫున వాదించమని, మధ్యలో ఆపి ఇప్పుడు పక్షాలు మార్చుకోండి అన్నారట. ఆ తర్వాత 1982 సముద్ర చట్ట ఒప్పందంలోని 97వ ఆర్టికల్ (విచారించే హక్కు ఓడ జెండా ఉన్న దేశానికి, లేదా ఆ అధికారి సొంత దేశానికే అంటుంది అది) చూపించి, ఓడలు ఢీకొన్న కేసుల్లో లోటస్ తీర్పుని ప్రపంచ దేశాలు ఎలా పక్కనపెట్టాయో చెప్పారు.

మా అమ్మాయికి వెంటనే మన కేరళ తీరంలో జరిగిన ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ కేసు గుర్తొచ్చింది. 2012 ఫిబ్రవరిలో ఇటలీ నావికులు ఇద్దరు మన జాలర్లని కాల్చి చంపిన కేసు. ఇటలీ ఈ 97వ ఆర్టికల్‌నే ఎత్తి చూపింది. 2020లో వచ్చిన తీర్పులో ట్రిబ్యునల్ ఆ వాదన ఒప్పుకోలేదు, ఇది ఓడలు ఢీకొన్న ఘటన కాదు కదా. కానీ ఆ నావికులు ప్రభుత్వ విధుల్లో ఉన్నారు కాబట్టి వాళ్లకి రక్షణ ఉంటుంది, ఇండియా వాళ్లని విచారించడానికి వీల్లేదు, నష్టపరిహారం మాత్రం రావాలి అంది. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. జాలర్ల కుటుంబాల వైపు నుంచి నేను, రక్షణ అనే నియమం లేకపోతే రేపు మన సైనికుల గతేమిటని అది. కాలేజీలో చేరి ఏడాది కూడా కాని పిల్ల నాతో సమానంగా మాట్లాడుతుంటే, ఈ కోర్సుకి పెట్టిన డబ్బు చదువు వరకు ఊరికే పోలేదు అనిపించింది.

పరీక్షలు కూడా వేరు. కథలా ఒక సంఘటన ఇస్తారు, ఎవరి హక్కు, ఏ నియమం, ఈ సంఘటనకి అది ఎలా వర్తిస్తుంది, రెండో పక్షం ఏమంటుంది, ఇలా రాయాలి. కంఠతా పట్టి పేజీలు నింపితే మార్కులు పడవు. మొదటి పరీక్షలో మా అమ్మాయికి పదికి ఏడు వచ్చింది. మా అక్క రెండు రోజులు దిగాలుగా తిరిగింది, ఇంటర్‌లో తొంభై ఎనిమిది శాతం తెచ్చుకున్న పిల్ల మరి. డచ్ వాళ్ల లెక్కలో ఐదున్నర వస్తే పాస్, ఏడు మంచి మార్కు, ఎనిమిది అంటే చాలా గొప్ప, తొమ్మిది, పది దాదాపు ఎవరికీ వేయరు. తల్లిదండ్రులు దయచేసి ఇది ముందే తెలుసుకుని, పిల్లల్ని ఫోన్లో నిలదీయకండి. అక్కడ వాళ్లకి ఉండే టెన్షన్ చాలు.

అసలైన టెన్షన్ మొదటి ఏడాది క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు. ఏడాదికి 60 క్రెడిట్లు ఉంటాయి. గ్రోనింగెన్‌లో మొదటి ఏడాది కనీసం 45 తెచ్చుకోకపోతే ఆ కోర్సులో కొనసాగనివ్వరు. నెగటివ్ అడ్వైజ్ అనే మెత్తటి పేరు పెట్టారు కానీ కోర్సు నుంచి పంపేయడమే. దీనికి తోడు మన పిల్లలకి వీసా షరతు వేరే ఉంది, ప్రతి ఏడాదీ సగం క్రెడిట్లయినా రాకపోతే యూనివర్సిటీ ఇమిగ్రేషన్ వాళ్లకి చెప్పాలి. కాలేజీకి వెళ్తే చాలు, చివర్లో ఎలాగోలా బ్యాక్‌లాగ్‌లు కట్టేసుకోవచ్చు అనే మన అలవాటు అక్కడ కుదరదు. చదవడం ఇష్టం లేని పిల్లల్ని, ముఖ్యంగా రోజుకి యాభై అరవై పేజీల ఇంగ్లిష్ కూర్చుని చదవలేని పిల్లల్ని, ఈ కోర్సుకి పంపొద్దు. ఇంగ్లిష్ మాట్లాడటం వేరు, తీర్పులు చదవడం వేరు.

డబ్బు గురించి దాచకుండా చెప్తా. యూరప్ పిల్లలకి ఏడాదికి సుమారు రెండున్నర వేల యూరోల ఫీజు, మనలాంటి బయటి దేశాల వాళ్లకి పది వేలు దాటుతుంది, కొన్నిచోట్ల పదిహేను వేల దాకా ఉంటుంది. గది, తిండి, ఇన్సూరెన్స్ కలిపి నెలకి వెయ్యి యూరోలకు పైనే. వీసా కోసం ఏడాది ఖర్చు ముందే చూపించాలి. యూరో వంద రూపాయల చుట్టుపక్కల తిరుగుతున్న రోజుల్లో మూడేళ్లకి డెబ్బై, ఎనభై లక్షలు అనుకోవాల్సిందే. ప్రభుత్వ బ్యాంకుల్లో విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా తాకట్టు అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి ఇచ్చే విదేశీ విద్యా నిధి పథకాలు ఉన్నాయి కదా అని కొందరు అడిగారు, అవి పీజీ, ఆ పైన చదువులకే, ఇంటర్ తర్వాత డిగ్రీకి వర్తించవు. పార్ట్ టైమ్ ఉద్యోగంతో నెట్టుకొస్తారు అనుకోవద్దు, వారానికి 16 గంటలే అనుమతి, దానికి కూడా ఉద్యోగం ఇచ్చేవాళ్లు పర్మిట్ తీసుకోవాలి, వేసవిలో జూన్ నుంచి ఆగస్టు వరకు పూర్తి టైమ్ చేయొచ్చు. ఇల్లు అమ్మి, పొలం తాకట్టు పెట్టి మాత్రం ఈ డిగ్రీకి పంపకండి. ఎంటెక్ చేసినవాళ్లలా చదువు అవగానే ఉద్యోగం వచ్చి అప్పు తీర్చే కోర్సు కాదు ఇది, దీని తర్వాత మాస్టర్స్ దాదాపు తప్పనిసరి, అంటే ఖర్చు ఇంకా ఉంది.

గది దొరకడం ఒక యుద్ధం. నెదర్లాండ్స్‌లో స్టూడెంట్ గదులకి చాలా కొరత, గ్రోనింగెన్‌లాంటి చిన్న ఊరిలో సెప్టెంబర్ వస్తే మరీ. అక్కడ ఒక పద్ధతి ఉంది, ఖాళీ గది ఉన్న ఇంట్లో ఉండే స్టూడెంట్లు ఒక సాయంత్రం పదిపదిహేను మందిని పిలిచి, టీ, బీరు ఇచ్చి కబుర్లాడి, చివరికి ఒకరిని ఎంచుకుంటారు. పెళ్లిచూపులు ఎలాగో ఇదీ అంతే. సగం ప్రకటనల్లో డచ్ మాట్లాడేవాళ్లకే అని ఉంటుంది. మా అమ్మాయి అలాంటి ఎన్నో సాయంత్రాలు తిరిగింది. ఒక ఇంటి ఓనరు వీడియో కాల్‌లో గది చూపించి, రెండు నెలల అద్దె ముందే పంపమన్నాడు, మునిసిపాలిటీలో ఆ అడ్రసు మీద రిజిస్టర్ చేసుకోవడానికి మాత్రం ఒప్పుకోనన్నాడు. అక్కడే అనుమానం వచ్చి వదిలేశాం. రిజిస్ట్రేషన్ లేకపోతే మన ఆధార్ లాంటి బీఎస్‌ఎన్ నంబర్ రాదు, అది లేకపోతే అక్కడ ఏ పనీ సవ్యంగా సాగదు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే యూనివర్సిటీ చెప్పే హౌసింగ్ దరఖాస్తు పెట్టేయండి, విమానం టికెట్ ఆ తర్వాత. రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోని గదికి ఒక్క యూరో కూడా పంపకండి.

తిండి, చలి, సైకిల్ గురించి వేరేవాళ్లు బోలెడు రాశారు. బియ్యం, పప్పు దొరుకుతాయి, గోంగూర దొరకదు.

ఇప్పుడు హేగ్ కల. పిల్లలు ఈ కోర్సు ఎందుకు కోరుకుంటారో నాకు తెలుసు. 2019 జులైలో కుల్‌భూషణ్ జాధవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు టీవీలో చూసి, హరీష్ సాల్వే ఒక్క రూపాయి ఫీజుకి వాదించాడని విని, నేనూ అలా నిలబడాలి అని మా అమ్మాయి అనుకుంది. ఆ కోరిక చాలా మంచిది, దాన్ని తగ్గించి మాట్లాడను. కానీ సాల్వే అక్కడికి వెళ్లింది భారత సుప్రీంకోర్టులో దశాబ్దాలు వాదించాక, సొలిసిటర్ జనరల్‌గా పనిచేశాక. హేగ్ నుంచి మొదలుపెట్టి హేగ్‌కి రాలేదు. హేగ్ కోర్టులో జడ్జీలుగా కూర్చున్న మనవాళ్లు నగేంద్ర సింగ్, ఆర్.ఎస్. పాఠక్, దల్వీర్ భండారీ, ఎవర్ని చూసినా ముందు స్వదేశంలో పెద్ద అనుభవం ఉంది. మన తెలుగువాళ్లలో పాటిబండ్ల చంద్రశేఖరరావు గారి పేరు ఎంతమందికి తెలుసో! అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టి, కేంద్ర న్యాయశాఖ కార్యదర్శిగా చేసి, హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్‌లో 1996 నుంచి 2017 వరకు జడ్జిగా ఉన్నారు, 1999 నుంచి మూడేళ్లు దానికి అధ్యక్షుడు. లా కాలేజీల్లో ఆయన ఫొటో ఉండాలి. ఆయన దారి కూడా ఢిల్లీ నుంచే సాగింది.

ఉద్యోగాల సంగతి కూడా వినండి. ఐక్యరాజ్య సమితిలో ప్రొఫెషనల్ పోస్టులకి మామూలుగా మాస్టర్స్ అడుగుతారు. అంతర్జాతీయ కోర్టుల్లో ఇంటర్న్‌షిప్‌లకి చాలావరకు జీతం ఉండదు, హేగ్‌లో ఆరు నెలలు సొంత ఖర్చుతో ఉండగలిగినవాళ్లకే అవి అందుతున్నాయి, ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ఉద్యోగాలకి సభ్య దేశాల పౌరులకి ప్రాధాన్యం ఉంటుంది, ఆ కోర్టుని పెట్టిన రోమ్ ఒప్పందంలో ఇండియా లేదు. ఇంకో పెద్ద విషయం ఫ్రెంచి. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, ఈ క్రిమినల్ కోర్టు, రెండింటిలోనూ పని ఇంగ్లిష్, ఫ్రెంచి భాషల్లో జరుగుతుంది. ఇంగ్లిష్ ఒక్కటే వస్తే పోటీలో సగం వెనకబడినట్టే. మా అమ్మాయి మొదటి సెమిస్టర్‌లోనే ఫ్రెంచి మొదలుపెట్టింది, అది నేను పట్టుబట్టి చేయించిన పని. నిజానికి ఈ డిగ్రీ చేసినవాళ్లు ఎక్కువగా చేరే చోట్లు కోర్టులు కాదు. కంపెనీల్లో కంప్లయన్స్ (నియమాలు సరిగ్గా పాటిస్తున్నారో లేదో చూడటం), డేటా రక్షణ, వాణిజ్య ఆంక్షలు చూసే విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, బ్రస్సెల్స్‌లో పాలసీ ఆఫీసులు, పరిశోధన. అవి మంచి ఉద్యోగాలే, ఆ పని మీద ఇష్టం ఉండాలి అంతే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి నెదర్లాండ్స్ ఒక ఏడాది పర్మిట్ ఇస్తుంది, కానీ లా సంబంధమైన ఉద్యోగాల్లో డచ్ భాష అడిగే చోట్లే ఎక్కువ.

మరి హైదరాబాద్‌లోని నల్సార్ లేదా విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ మాటేమిటి అంటారు. క్లాట్‌లో మంచి ర్యాంకు వస్తే, కోర్టు మీద కోరిక ఉంటే, నన్నడిగితే రెండో ఆలోచన లేకుండా అక్కడే చేర్పించండి. నల్సార్‌లో ఐదేళ్లకి అయ్యే ఖర్చు నెదర్లాండ్స్‌లో ఒక్క ఏడాదికి చాలదు. ఎన్‌రోల్‌మెంట్ గురించి బెంగ లేదు. జెస్సప్ మూట్ కోర్టులో, అంటే విద్యార్థులు ఉత్తుత్తి కోర్టులో వాదించే అంతర్జాతీయ పోటీలో, పాల్గొని ఇంటర్నేషనల్ లా అక్కడే మొదలుపెట్టొచ్చు, సెలవుల్లో హేగ్ అకాడమీ వేసవి కోర్సుకి వెళ్లొచ్చు, 1923 నుంచి నడుస్తున్నాయి అవి. తర్వాత లైడెన్‌లోనో కేంబ్రిడ్జిలోనో ఒక్క ఏడాది ఎల్‌ఎల్‌ఎం. ఆ వయసుకి స్కాలర్‌షిప్‌లు కూడా ఎక్కువ. న్యూయార్క్ బార్ దారి కూడా తెరిచే ఉంటుంది.

అయినా మా అమ్మాయిని ఎందుకు పంపించామంటే, దానికి కోర్టు కంటే చదవడం, రాయడం ఎక్కువ ఇష్టం. శరణార్థుల చట్టం మీద పనిచేయాలని ఉంది, ఇండియా 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, ఆ చట్టం బతికి ఉన్న చోట చదువుకోవడంలో అర్థం ఉంది. మా బావగారి ఉద్యోగం వల్ల డబ్బు సర్దుబాటు అవుతుంది, అప్పు లేదు. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా నేనే వద్దనేదాన్ని.

నాలుగు యూనివర్సిటీల్లో ఏది అంటే, పెద్ద తరగతిలో వినడం కంటే చిన్న గుంపులో మాట్లాడుతూ నేర్చుకునే పిల్లలకి మాస్ట్రిక్ట్ బాగుంటుంది, అక్కడ చదువంతా సమస్య ముందు పెట్టి విద్యార్థుల చేతే విప్పించే పద్ధతిలో సాగుతుంది. నోరు విప్పని పిల్లలకి అక్కడ కష్టం. యూరప్ అనే హద్దు లేకుండా ప్రపంచం మొత్తం మీద చట్టాల్ని చూడాలనుకుంటే టిల్‌బర్గ్. పనిలో పడి నేర్చుకోవాలి, హేగ్ ఊళ్లోనే ఉండాలి అంటే అక్కడి అప్లయిడ్ సైన్సెస్. అంతర్జాతీయ చట్టం పునాది గట్టిగా కావాలంటే గ్రోనింగెన్, కాకపోతే అది ఉత్తరాన ఉంది, హేగ్‌కి రైల్లో రెండు గంటలపైనే. 1614లో పెట్టిన యూనివర్సిటీ, ఊరంతా స్టూడెంట్లే.

దరఖాస్తు చేసేవాళ్లకి ఇంకొక్క మాట. సీబీఎస్‌ఈ, ఐఎస్‌సీ, మన ఇంటర్ బోర్డు, ఈ మూడింటినీ అక్కడ అన్ని యూనివర్సిటీలూ ఒకేలా చూడవు. ఎంపీసీ, సీఈసీ ఏ గ్రూపైనా సరే, మీ మార్కుల మెమో స్కాన్ చేసి అడ్మిషన్ ఆఫీసుకే మెయిల్ పెట్టి, ఈ అర్హత సరిపోతుందా అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. వాళ్లు జవాబిస్తారు, కాస్త ఆలస్యమైనా ఇస్తారు. అదే మెయిల్లో ఈ డిగ్రీ చేసినవాళ్లు గత ఏడాది ఎక్కడ మాస్టర్స్‌లో చేరారు, ఇండియన్ స్టూడెంట్లలో ఎవరైనా మాట్లాడతారా అని కూడా అడగండి. రెండో ఏడాది చదువుతున్న ఒక స్టూడెంటుతో అరగంట మాట్లాడాకే మా అమ్మాయి స్టడీలింక్‌లో దరఖాస్తు పెట్టింది. ఆఖరు తేదీలు యూనివర్సిటీని బట్టి మారతాయి, సీట్ల పరిమితి ఉన్న కోర్సులకైతే జనవరి 15తోనే ముగుస్తుంది, కాబట్టి ఇంటర్ రెండో ఏడాది దసరా సెలవుల్లోనే ఈ పని మొదలుపెట్టండి.